గడియారాన్ని కాదు, పిల్లని చూడండి

అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ నిబంధనలు ఈమధ్య ఏటా ఏదో ఒకటి మారుతూనే ఉన్నాయి. మార్చిన ప్రతిసారీ "ఆట బాగుపడుతుంది" అంటారు. ఎవరికి బాగుపడుతుంది? ఆడే పిల్లకా, మెట్ల మీద కూర్చుని చూసే మనకా? ఈ ప్రశ్న అడిగేవాళ్లు కనబడటం లేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. నేనూ మీలాగే ఇల్లు చూసుకునే మనిషినే. కానీ చలికాలం వచ్చిందంటే వారానికి రెండు మూడు సాయంత్రాలు నలుపు తెలుపు చారల చొక్కా వేసుకుని, మెడలో ఈల తగిలించుకుని, ఆడపిల్లల ఆటలకి రిఫరీగా వెళతాను. నిబంధన మారితే దాని ఫలితం ముందు నా కళ్ల ఎదురుగానే కనిపిస్తుంది.

ఈ నిబంధనల పుస్తకం రాసేది ఇండియానాపొలిస్‌లో ఉన్న హైస్కూల్ క్రీడల జాతీయ సమాఖ్య. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అంటారు. కొన్ని విషయాలు అందరికీ వర్తిస్తాయి, కొన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేస్తారు.

ముందు మంచి మాట చెబుతాను, ఎందుకంటే మంచి చేసినప్పుడు మెచ్చుకోకపోతే తిట్టే హక్కు ఉండదు. 2023-24 సీజన్ నుంచి "వన్ అండ్ వన్" తీసేశారు. ఆట తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఇదివరకు సగం ఆటలో ఒక జట్టు ఏడో ఫౌల్ చేస్తే, అవతలి పిల్లకి ఒక ఫ్రీ త్రో ఇచ్చేవారు. అది పడితేనే రెండోది. పదో ఫౌల్ నుంచి రెండూ ఖాయం. ఇప్పుడు ఆ లెక్కలేదు. ప్రతి క్వార్టర్‌లో ఐదో ఫౌల్ నుంచి నేరుగా రెండు ఫ్రీ త్రోలు. క్వార్టర్ అయిపోగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు, పాత నెల బాకీ కొత్త నెలకి మోయనట్టు.

ఇందులో గొప్పేముంది అంటారా? నిలబడి చూసేదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఫ్రీ త్రో తప్పితే బంతి కోసం ఆరుగురు పిల్లలు ఒక్కసారిగా ఎగురుతారు. మోచేతులు, మోకాళ్లు, తలలు అన్నీ తగులుకునేది అక్కడే. నూటికి అరవై వేసే పిల్లని తీసుకోండి. పాత పద్ధతిలో ఆమె వందసార్లు గీత దగ్గరికి వస్తే మొదటిది 40 సార్లు తప్పుతుంది, 40 సార్లూ తోపులాట. పడిన 60లో రెండోది ఇంకో 24 సార్లు తప్పుతుంది. మొత్తం 64 తోపులాటలు. కొత్త పద్ధతిలో మొదటిది తప్పినా బంతి కోసం ఎవరూ ఎగరరు, రెండోది తప్పితేనే. అంటే 40. వంట ఖర్చు లెక్క రాసుకునే ఏ అమ్మకైనా అర్థమయ్యే లెక్క ఇది. "మరి సగం ఆటలో ఆరు ఫౌల్స్‌తో ఆగాల్సిన జట్టు ఇప్పుడు ఎనిమిది దాకా చేసుకోవచ్చుగా" అని కొందరు కోచ్‌లు గొణుగుతారు. నిజమే. కానీ ఐదు ఫౌల్స్ చేసిన పిల్ల బయటికి వెళ్లాల్సిందే, అది మారలేదు. రెండు ఫౌల్స్ ఎక్కువైనా పరవాలేదు, పిల్లల మోకాళ్లు మిగలాలి.

రెండో మంచి మార్పు 2024-25లో వచ్చింది. తగలకపోయినా తగిలినట్టు వెల్లకిలా పడిపోయే నటన ఉంది చూశారా, దానికి ఇదివరకు శిక్ష నేరుగా టెక్నికల్ ఫౌల్. అవతలి జట్టుకి రెండు ఫ్రీ త్రోలు, బంతి కూడా వాళ్లకే, ఆ పిల్ల ఖాతాలో ఒక ఫౌల్. గోరంత తప్పుకి కొండంత శిక్ష. అందుకే ఏ రిఫరీకీ ఈల ఊదబుద్ధి కాలేదు, నటన పెరిగింది. ఇప్పుడు మొదటిసారి జట్టుకి హెచ్చరిక, మళ్లీ ఎవరు చేసినా జట్టు మీద టెక్నికల్ ఫౌల్. ఇంట్లో మనం చేసేది ఇదే కదా. అన్నం పారేసిన పిల్లాణ్ణి వారం రోజులు పస్తు ఉంచుతానంటే ఆ బెదిరింపు ఎవరూ నమ్మరు, మొట్టమొదట వాడే నమ్మడు. అమలు చేయగలిగిన చిన్న శిక్షే పిల్లల్ని దారిలో పెడుతుంది.

ఇక నా తగువు షాట్ క్లాక్ మీద. 2021లో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఆమోదించింది, 2022-23 నుంచి ఇష్టమైన రాష్ట్రాలు 35 సెకన్ల గడియారం పెట్టుకోవచ్చని. బంతి చేతికొచ్చిన జట్టు ఆ లోపల బుట్ట వైపు విసరాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఒక్కొక్క రాష్ట్రమే పెట్టుకుంటూ వస్తోంది. "లేకపోతే బంతి పట్టుకుని కాలయాపన చేస్తున్నారు, చూడటానికి విసుగ్గా ఉంది" అంటారు. చూడటానికి! ఆ మాటలోనే ఉంది అసలు సంగతి.

ఈ గడియారం పుట్టిందే చూసేవాళ్ల కోసం. 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్ లేకర్స్ మీద 19-18తో గెలిచింది. లేకర్స్‌లో జార్జ్ మైకన్ అనే మహాకాయుడు ఉన్నాడు. అతని చేతికి బంతి అందకుండా వీళ్లు పట్టుకుని కూర్చున్నారు. టికెట్ కొన్నవాళ్లకి ఒళ్లు మండింది. ఇలాంటి ఆటలు పెరిగాక 1954లో ఎన్‌బీఏ 24 సెకన్ల గడియారం పెట్టింది. వాళ్లది వ్యాపారం, సబబే. కానీ ఆ కథలో ఇంకో సంగతి ఉంది. బంతి పట్టుకుని నిదానంగా ఆడటం బలహీనుడి ఆయుధం.

నేను చూసే ఆటల్లో ఒక వైపు ఏడాది పొడుగునా క్లబ్బుల్లో డబ్బు కట్టి నేర్చుకున్న పిల్లలు ఉంటారు. ఇంకో వైపు నవంబర్‌లో మొదటిసారి బంతి పట్టుకున్న పిల్లలు. బలమైన జట్టు మైదానం అంతా కమ్ముకుంటే, బంతిని సగం గీత దాటించడానికే రెండో జట్టుకి పది సెకన్లు పడుతుంది. మిగిలింది 25. వాళ్ల కోచ్ నేర్పగలిగిన ఒకే ఒక్క విద్య, "తొందరపడకండి, నలుగురూ బంతి ముట్టుకోండి" అన్నది, గడియారం లాగేసుకుంటుంది. పిల్ల కంగారుగా విసురుతుంది, తప్పుతుంది, అవతలివాళ్లు పరుగెత్తి బుట్టలో వేస్తారు. ఆఖరికి 58-9. ఆ తొమ్మిది పాయింట్ల జట్టులో ఎంతమంది మరుసటి ఏడు మళ్లీ వస్తారో మీరే చెప్పండి.

ఆడపిల్లలు గడియారంతో ఆడలేరని నేను అనడం లేదు. కాలేజీ ఆడవాళ్ల ఆటలో 30 సెకన్ల గడియారం 1970లలోనే ఉంది, మగవాళ్లకి వచ్చింది 1985-86లో. కాలిఫోర్నియా హైస్కూల్ అమ్మాయిలు 30తోనే ఆడతారు, అబ్బాయిలకి 35. చేతకానితనం మాట కాదిది. ఒకే ఊరి పక్కపక్క బడుల మధ్య ఉన్న తేడా మాట. "కాలేజీకి తయారవ్వాలి కదా" అంటారు. హైస్కూల్లో ఆడే అమ్మాయిల్లో నూటికి పదిమంది కూడా కాలేజీలో ఆడరు. మిగిలిన తొంభైమందికి ఇదే ఆఖరి ఆట.

గడియారం కొని బిగించడానికి వేల డాలర్లు. దాన్ని నడపడానికి శిక్షణ ఉన్న మనిషి. బంతి రింగుకి తగిలితే తిప్పాలి, తగలకపోతే తిప్పకూడదు. పొరపాటైతే ఆట ఆపి సరిచేయాల్సింది మేము, ఇద్దరు కోచ్‌ల కేకలు వింటూ.

నా మాట వింటే, కొత్త గడియారం కొనేముందు ఉన్న గడియారాన్ని ఆపకుండా నడపండి. తేడా 30, 35 పాయింట్లు దాటాక ఫౌల్ అయినా, బంతి బయటికి పోయినా గడియారం నడుస్తూనే ఉండే పద్ధతి చాలా రాష్ట్రాల్లో ఉంది. దీన్నీ పుస్తకం రాష్ట్రాల ఇష్టానికే వదిలేసింది. అన్నిచోట్లా తప్పనిసరి చేయాల్సింది ఇది. పైసా ఖర్చు లేదు, ఓడిపోతున్న పిల్ల పరువు దక్కుతుంది.

ఆడపిల్లల ఆట నిబంధనలంటే నాకు అనుమానం ఊరికే రాలేదు. 1892లో స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ ఆడవాళ్లు అలసిపోకూడదని మైదానాన్ని మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్లే ఉండాలన్నారు. ఆ ఆలోచన ఎంత మొండిగా బతికిందంటే, అయోవాలో 1993 దాకా హైస్కూల్ అమ్మాయిలు ఆరుగురి ఆట ఆడారు. ముగ్గురు బుట్టలో వేయాలి, ముగ్గురు కాపు కాయాలి, సగం గీత దాటకూడదు. కాపు కాసే పిల్ల ఆటలో ఒక్కసారి కూడా బుట్ట వైపు విసరదు. అయినా ఆ రాష్ట్ర పోటీలకి జనం పోటెత్తేవారు. చూసేవాళ్లకి ఎంతో ముచ్చటగా ఉండేది మరి! జనానికి నచ్చినంత మాత్రాన పిల్లకి మంచిది కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంతా చేసి, పుస్తకంలో ఏం రాసినా ఊదేవాళ్లు ఉండాలి కదా. 2018-19కీ 2021-22కీ మధ్య సుమారు 50 వేలమంది హైస్కూల్ రిఫరీలు, అంపైర్లు మానేశారని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ వాళ్లే చెప్పారు. ఎందుకు మానేశారో తెలియాలంటే ఏ ఆటకైనా వెళ్లి మెట్ల మీద కూర్చోండి. నాతో కలిసి ఊదిన ఒక కాలేజీ అమ్మాయిని తొమ్మిదో తరగతి పిల్లల ఆటలో ఒక పెద్దమనిషి అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఆ మెట్ల మీద మన తెలుగు అమ్మానాన్నలూ ఉంటున్నారు, గొంతులూ బాగానే వినిపిస్తున్నాయి.

అందుకని అక్కచెల్లెళ్లూ, అరిచే ముందు ఐదో ఫౌల్ లెక్క నేర్చుకోండి. స్కోర్ రాసే బల్ల దగ్గర మనిషి కావాలంటే మీరే వెళ్లి కూర్చోండి. మీ బడిలో షాట్ క్లాక్ కోసం చందాలు అడిగితే, ఓడిపోయే జట్టుకి దీనివల్ల ఏం ఒరుగుతుందో చెప్పమనండి. ఇంకా ఓపిక ఉంటే ఒక ఈల కొనుక్కుని మాతో రండి. ఈ చలికాలం కూడా మాకు మనుషులు చాలడం లేదు.