అమ్మకానికి పెట్టిన ఇంట్లో కాపురం

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇల్లు కట్టించి, ఆ తరువాత ఉద్యోగరీత్యా అమెరికాకో, గల్ఫ్ దేశాలకో, కెనడాకో వెళ్లి స్థిరపడినవారు, తల్లిదండ్రులు కాలం చేశాకనో పిల్లల చదువుల ఖర్చు మీదపడినప్పుడో ఆ ఇంటిని అమ్మకానికి పెట్టడం ప్రవాస కుటుంబాల్లో ఇప్పుడు మామూలు వ్యవహారమైంది. ధర ఎంత పలుకుతుంది, బ్రోకర్ కమీషన్ ఎంత, పన్ను ఎంత పడుతుంది, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే యజమాని తరఫున సంతకాలు చేసి వ్యవహారం నడిపే అధికారాన్ని మరొకరికి రాసిచ్చే పత్రం, ఎవరి పేరున ఇవ్వాలి అన్నవన్నీ ఇంటిల్లిపాదీ చర్చించుకుంటారు గాని, ఆ ఇంట్లో ప్రస్తుతం కాపురముంటున్న కిరాయిదారు మాత్రం 'ఖాళీ చేయించాలె' అన్న ఒక్క మాటలో తేలిపోతాడు. అమ్మకం మాట మొదలైన నాటి నుంచి రిజిస్ట్రేషన్ పూర్తయ్యే నాటి దాకా ఆ కిరాయిదారు కుటుంబపు గడపకు ఉన్న రక్షణ ఏమిటన్నది ఈ సంచిక సంపాదకీయ విషయం.

న్యాయశాస్త్రం 'గోప్యత' అనే దానికి తెలుగు ఇళ్లలో ఎప్పటి నుంచో రెండు మాటలున్నాయి. బయటివారికి తెలియనక్కరలేని ఇంటి సంగతి గుట్టు. బయటివారి చూపు పడని చోటు మరుగు. సొంత ఇల్లు ఉన్నవారికి ఈ రెండూ గోడలతోపాటే దక్కుతాయి. కిరాయిదారు నెలనెలా కట్టేది కూడా గదులకు మాత్రమే కాదు, ఈ రెంటికీ కలిపి కట్టే డబ్బే.

ఇల్లు చూపించడం అనే పని ఈ పట్టణాల్లో ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే ఆ డబ్బుకు దక్కుతున్నదేమిటో తెలుస్తుంది. నల్లగొండ రామగిరిలోనైనా, పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలోనైనా సెలవురోజు పొద్దున బ్రోకర్ తలుపు తట్టేసరికి అతని వెనుక కొనదలచినవారి కుటుంబం, వారి వెంట వాస్తు చూసే పెద్దమనిషి నిలబడి ఉంటారు. సంపు ఈశాన్యంలో ఉందా, పొయ్యి ఆగ్నేయంలో ఉందా అన్నది తేలాలంటే వంటింట్లోకి పోవాలి, పూజగదిలోకి తొంగిచూడాలి. గోడకు చెమ్మ ఉందేమోనని అలమారను జరుపుతారు, బాత్‌రూమ్ తలుపు తెరుస్తారు, మంచం మీద పడుకున్న ముసలాయనను లేవమనలేక లేవమన్నట్టే చుట్టూ నిలబడతారు. ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి పుస్తకాలు పట్టుకొని మెట్ల మీదికి వెళ్లిపోతుంది. ఈ మధ్య దీనికి ఫోన్ వీడియో తోడైంది. డాలస్‌లో ఉన్న యజమాని కోసమని, హైదరాబాద్‌లో ఉన్న మరో బేరగాని కోసమని గదిగదీ తిప్పి తీసిన ఆ వీడియోలో మేకుకు వేలాడే స్కూల్ యూనిఫాం, ఫ్రిజ్ మీది మందుల స్ట్రిప్పులు, తీగ మీద ఆరేసిన బట్టలు, బీరువా ఉన్న మూల అన్నీ పడతాయి. ఆ ఇంటివారు ఎన్నడూ చూడని మనుషుల ఫోన్లలో వారి సంసారం అట్లా తిరుగుతూనే ఉంటుంది. ఇదంతా ఒక్కసారితో పోదు; బయానా పడేదాకా, అంటే కొనేవారు బేరం ఖాయం చేసుకొని ముందుగా కొంత సొమ్ము ఇచ్చేదాకా, వారం వారం సాగుతుంది.

ఇంతమందిని లోపలికి తీసుకురావడానికి యజమానికి ఉన్న అధికారం ఎంతో తెలుసుకోవాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చూడాలి. ఆ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, కిరాయి సక్రమంగా చెల్లిస్తూ తన షరతులు పాటిస్తున్న కిరాయిదారు గడువు ముగిసేదాకా ఏ ఆటంకమూ లేకుండా ఆ ఇంటిని అనుభవించవచ్చునని యజమాని మాట ఇచ్చినట్టే లెక్క. పత్రంలో ఆ మాట రాసుకోకపోయినా, దానికి విరుద్ధమైన ఒప్పందమేదీ లేకుంటే చట్టమే దాన్ని అందులో చేర్చుతుంది. అదే సెక్షన్ యజమానికీ, అతని మనుషులకూ లోపలికి రావడానికి ఒక వీలు ఇచ్చింది: సమంజసమైన వేళల్లో వచ్చి, ఇల్లు ఏ స్థితిలో ఉందో చూసి, చెడిపోయినదేదైనా ఉంటే బాగుచేయమని చెప్పి వెళ్లవచ్చు. కొనదలచినవారిని వెంటబెట్టుకొని రావచ్చునని అందులో ఒక్క ముక్క లేదు. కిరాయి పత్రంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ఇల్లు చూపించడమన్నది కిరాయిదారు సమ్మతితో జరగవలసిన పని అన్నదే ఈ నిబంధనను చదివినప్పుడు తోచే అర్థం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినా, ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలబడేవి కాబట్టి, యజమానికీ కిరాయిదారుకూ మధ్య ఈ పాత చట్టమే గట్టి ఆధారం. దౌర్జన్యంగా చొరబడితే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ఉంది. మరొకరి స్వాధీనంలో ఉన్న ఇంట్లోకి వారిని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ప్రవేశించడం అందులో నేరం. ఆ నిర్వచనం అడిగేది స్వాధీనం ఎవరిదని గాని పట్టా ఎవరిదని కాదు.

అమ్మకం పూర్తయినంత మాత్రాన కిరాయిదారు హక్కు పోదన్నది కూడా చాలామందికి తెలియదు. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు; పాత యజమానికి ఎన్ని హక్కులున్నాయో అన్నే వారికి సంక్రమిస్తాయి. ఇల్లు చేతులు మారిందని తెలియక కిరాయిదారు పాత యజమానికే కిరాయి కడితే కొత్తవారు దాన్ని మళ్లీ అడగడానికి లేదు. నెలవారీ కిరాయికి ఉన్నవారిని, వేరే ఒప్పందం లేనప్పుడు, ఖాళీ చేయమనాలంటే 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసుకు కదలకుంటే కోర్టుకు పోవాలి తప్ప సామాను బయట పెట్టించడానికి వీలులేదు. అట్లా పెట్టించిన పక్షంలో, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి, ఇల్లు ఎవరిదన్న చర్చతో నిమిత్తం లేకుండానే స్వాధీనం తిరిగి పొందవచ్చు.

కిరాయిదారులను కాపాడటానికే పుట్టిన మరో చట్టం ఉండనే ఉంది. పూర్వపు హైదరాబాద్ రాష్ట్రంలోని 1954 నాటి కిరాయి నియంత్రణ చట్టం, మద్రాసు ప్రాంతంలోని 1949 నాటి చట్టం స్థానంలో 1960లో వచ్చిన భవనాల లీజు, కిరాయి, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం మునిసిపాలిటీలకు వర్తిస్తుంది. అందులో చెప్పిన కారణాలు ఉంటే తప్ప కిరాయిదారును కదిలించరాదు. అయితే 2005 సవరణ తరువాత నగరపాలక సంస్థల పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన భవనాలకు ఈ చట్టం వర్తించకుండా పోయింది. రెండు గదుల పోర్షన్ కూడా ఆ ధరకు దొరకడం కష్టమైన ఈ రోజుల్లో, ఆ రక్షణ పుస్తకంలో మిగిలింది గాని ఇళ్లలో మిగలలేదు.

ఈ రెండు పాత జిల్లాల విషయంలో ఇది మరింత బాధ కలిగించే సంగతి. ఉన్న ఆస్తి అమ్ముడుపోతున్నప్పుడు దాన్ని అనుభవిస్తున్న మనిషిని ముందు అడగాలన్న సూత్రం ఈ నేలకు కొత్తది కాదు. నల్లగొండ పల్లెల్లో కౌలుదార్ల బేదఖలు, అంటే సాగులో ఉన్నవారిని భూమి నుంచి వెళ్లగొట్టడం, తెలంగాణ సాయుధ పోరాటానికి ఒక ముఖ్య కారణం. ఆ పోరాటం ఇంకా నడుస్తుండగానే 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. ఆ దశలో రెవెన్యూ మంత్రిగా పనిచేసి, 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు మహబూబ్‌నగర్ జిల్లావారే. ఆ చట్టం రక్షిత కౌలుదారు అనే స్థానాన్ని గుర్తించింది. తరువాతి సవరణలతో చేరిన 38-డి సెక్షన్, రక్షిత కౌలుదారు సాగులో ఉన్న భూమిని అమ్మదలచిన పట్టాదారు ముందుగా అతనికే లిఖితపూర్వకంగా తెలిపి, అతనికే అమ్మజూపాలని విధించింది. పహాణీ అనే గ్రామ భూమి లెక్కలో పట్టాదారు పేరుకు పక్కన అనుభవదారు పేరుకూ ఒక గడి ఉండేది. 2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చాక ఆ గడి పోయినప్పుడు రైతులు ఎంత కలవరపడ్డారో ప్రవాసులకూ తెలుసు. ఇప్పుడు ఆక్రమణ అనే అర్థంలో మాత్రమే వినబడుతున్న 'కబ్జా' అన్న మాటకు కూడా పాత రెవెన్యూ కాగితాల్లో స్వాధీనం అనే అర్థం. పొలంలో ఉన్న మనిషికి ఏడు దశాబ్దాల కిందటే ఇంత గుర్తింపు ఇచ్చిన ప్రాంతంలో, ఇంట్లో ఉన్న మనిషికి విక్రయ పత్రంలో చోటే లేదు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఎవరెవరి స్థలాలున్నాయో చతుర్హద్దుల్లో రాస్తారు. ఆ నాలుగు హద్దుల నడుమ ఎవరు వండుకు తింటున్నారో సాధారణంగా రాయరు. కిరాయిదారుకు కొనుగోలులో మొదటి హక్కు ఇవ్వాలని ఎవరూ అనడం లేదు. అతడు కోరేది ఒక రోజు ముందు ఒక కబురు.

పైగా ఈ కిరాయిదారులు పరాయివారు కారు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి, నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట విడివడ్డాక ప్రతి కొత్త జిల్లా కేంద్రానికీ బదిలీల మీద ఉద్యోగులు వచ్చారు. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికీ, పాలమూరు విశ్వవిద్యాలయానికీ పల్లెల నుంచి విద్యార్థులు వస్తున్నారు. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి మందుల కంపెనీల్లో, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసేవారు కిరాయి గదుల్లోనే ఉంటున్నారు. దేశమంతటా ఆనకట్టలూ కాలువలూ కట్టడానికి వలసపోయి, తలుపన్నదే లేని గుడిసెల్లో ఏళ్ల తరబడి బతికిన పాలమూరు కూలీల పిల్లలు, మనుమలు వారిలో ఉన్నారు. ఆ కుటుంబాలకు లోపలి నుంచి గడియ పెట్టుకోగల తలుపు ఒక తరం కష్టం.

ఇల్లు అమ్ముతున్న ప్రవాసులు తాముంటున్న దేశంలో ఈ రక్షణను తామే అనుభవిస్తున్నారు. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1954వ సెక్షన్ ప్రకారం అద్దె ఇంటిని కొనేవారికి చూపించాలంటే సాధారణంగా 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి, మామూలు పని వేళల్లోనే రావాలి. కెనడాలోని ఆంటారియోలో 24 గంటల ముందు లిఖితపూర్వక నోటీసు తప్పదు, ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఎనిమిది తరువాత రాకూడదు, ఏజెంటు రావాలంటే యజమాని రాతపూర్వకంగా అధికారం ఇచ్చి ఉండాలి. దుబాయ్‌లో 2007 నాటి 26వ నంబరు చట్టం యాజమాన్యం మారినా కిరాయిదారు హక్కు చెదరదంటుంది. అమ్మకం కోసం ఖాళీ చేయించాలంటే పన్నెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలని ఆ చట్టానికి చేసిన సవరణ చెబుతుంది. అన్ని చోట్లా ఇట్లాగే ఉందని కాదు. టెక్సస్‌లో ఇన్ని గంటల నోటీసు అన్న చట్ట నిబంధన లేదు, లీజులో రాసుకున్నదే చెల్లుతుంది. భారతదేశంలోనూ 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం యజమాని ప్రవేశానికి 24 గంటల ముందు నోటీసు ఉండాలన్నది. కాని అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అమలుకాదు.

రాష్ట్రం చేసేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ పత్రం కాన్సులేటులో ధ్రువీకరణ పొంది, దేశంలోకి వచ్చిన మూడు నెలల లోపు స్టాంపు వేయించుకోవలసినది కాబట్టి, దాన్ని ఎట్లాగూ ఒక ప్లీడరు రాస్తాడు. యజమానికి లేని అధికారాన్ని ఆ పత్రం మరొకరికి ఇవ్వలేదు. ఉన్న అధికారాన్ని ఏ హద్దుల్లో వాడాలో మాత్రం అందులో రాయవచ్చు. కిరాయిదారుకు ఒక రోజు ముందు తెలిపి, అతడు ఒప్పుకున్న వేళలోనే, వారానికి ఒకటి రెండు సార్లకు మించకుండా ఇల్లు చూపించాలనీ, మనుషులు గాని వారి సామాను గాని కనిపించేలా వీడియో తీయరాదనీ, కిరాయిదారు ఇచ్చిన అడ్వాన్స్ సొమ్మును తిరిగి ఇచ్చే బాధ్యత ఎవరిదో విక్రయ పత్రంలో పేర్కొనాలనీ నాలుగు వాక్యాలు చాలు. మన ప్రవాసుల సంఘంలోని సభ్యులు తమ ఇళ్లను అమ్మేటప్పుడు ఆ వాక్యాలు రాయించాలని ఈ పత్రిక మనస్ఫూర్తిగా కోరుతున్నది. వాటి ఫలితంగా అక్కడ మారేది శనివారం సాయంత్రం కిరాయిదారు ఫోన్‌కు వచ్చే ఒక్క మాట: "అన్నా, రేపు ఐతారం పదకొండింటికి ఇల్లు చూడనీకి ఇద్దరొస్తమంటున్నరు, మీకు వీలయితదా?"