ఎవరూ అడగని ప్రశ్న

పోయిన నెల మా ఆఫీసుకి వచ్చినామె సంచీలోంచి రెండు మందు అట్టలు తీసి బల్లమీద పెట్టింది. ఒకటి టామాక్సిఫెన్. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత పెద్దాసుపత్రిలో రాసిచ్చారు. రెండోది మాలా-ఎన్. ఊళ్లో ఆశా కార్యకర్త ఇచ్చింది. ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ఎనిమిది నెలలుగా రెండూ వేసుకుంటోంది. "పరవాలేదా అక్కా?" అంది.

నాకు జవాబు తెలీలేదు. డాక్టరు మిత్రురాలికి ఫోన్ చేస్తే మాలా-ఎన్ ఆ రోజే ఆపించింది.

రొమ్ము కణాలకి ఈస్ట్రోజన్ తగలకుండా టామాక్సిఫెన్ అడ్డుపడుతుంది. మాలా-ఎన్‌లో ఉన్నదే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స పొందుతున్నవాళ్లు హార్మోన్ మాత్రలు, ఇంజక్షన్లు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఈ రెండు మందులతోనూ పెరుగుతుంది. అలాగని మాత్ర మానేసి ఊరుకోవడానికీ లేదు. టామాక్సిఫెన్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకి హాని జరగొచ్చు. ముట్టు ఆగినా అండం విడుదలవుతూ ఉండొచ్చు కాబట్టి ఆ ధీమా పనికిరాదు. హార్మోన్ లేనివి కాపర్ టీ, కండోమ్. వేసెక్టమీ మాటెత్తితే ఆమె నవ్వేసింది.

వేరే క్యాన్సర్లలో మరో చిక్కు. కీమోలో వాంతులు తగ్గడానికి ఇచ్చే అప్రెపిటెంట్ గర్భనిరోధక మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. అది ఆపాక కూడా నెల రోజులు వేరే జాగ్రత్త కావాలి.

ఇవి ఆమెకెవరూ ఎందుకు చెప్పలేదు? ఆశా కార్యకర్తని నేను తప్పుపట్టను, ఊళ్లో తెలుస్తుందని ఈమే జబ్బు సంగతి దాచింది. ఆసుపత్రివాళ్లకి అన్నీ తెలుసు. ఇద్దరు పిల్లలంటే మన దగ్గర ట్యూబెక్టమీ అయిపోయిందనే లెక్క. రొమ్ము తీసేసిన ఆడదానికి ఇంక మొగుడి పక్కన పడుకునే పనేముందన్నది పైకి అనని మాట. పెళ్లికాని పిల్లనైతే అసలే అడగరు.

1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజక్షన్ ప్రయోగానికి పల్లెటూరి స్త్రీలని పోగుచేసినప్పుడు స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లింది. మా ఒంట్లోకి వెళ్లేదేమిటో మాకు చెప్పమన్నదే ఆనాటి గొడవ. ఇక్కడ ప్రయోగమేమీ లేదు, చెప్పకపోవడం మాత్రం అదే.

ఆమె పరీక్షలు చేయించుకుని కాపర్ టీ వేయించుకుంది. డిశ్చార్జి చీటీ జిరాక్సు నా దగ్గరుంది. అందులో పథ్యం గురించి నాలుగు వరసలున్నాయి, గర్భనిరోధకం ఊసే లేదు. దాన్ని పట్టుకుని సూపరింటెండెంటుని కలవబోతున్నాం. ప్రతి చీటీలోనూ ఆ ఒక్క వరసా ఉండాలని అడుగుతాం. మీ ప్రాంతంలో ఇలాంటి చీటీలు దొరికితే పేర్లు కొట్టేసి మాకు పంపండి.