తిక్కన తినని పులుసు

పండగ సెలవలు దగ్గర పడితే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తప్పకుండా తిరుగుతుంది: పిజ్జాలు, బర్గర్లు మానండి, మన నేలలో పుట్టిన మన వంటలే తినండి అని. ఉద్దేశం మంచిదే. కానీ కనుమ నాడు మైపాడు వచ్చి, మా పక్క ఇళ్ళలో ఉడికే చేపల పులుసు కుండలోకి తొంగి చూస్తే ఆ మాట నిలబడదు.

చేప మన సముద్రానిదే. మిరపకాయ మాత్రం మెక్సికో వైపుది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకుముందు మనకి కారం అంటే మిరియమే, ఆ పేరే కొత్త కాయకీ అంటుకుంది. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన 13వ శతాబ్దపు మనిషి. అంటే నెల్లూరి ఎర్రటి పులుసు రుచి నెల్లూరి మహాకవికే తెలియదన్నమాట! టమేటా కూడా అమెరికా ఖండాలదే. చింతపండుని అరబ్బులు ‘హిందూదేశపు ఖర్జూరం’ అన్నారు గానీ, వృక్షశాస్త్రం చదివినవాళ్ళు ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అంటారు.

శాకాహారులు నవ్వుకోనక్కర్లేదు. పులిహోరలో ఇంగువ ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వస్తుంది. మన దేశంలో సాగు మొదలైందే 2020లో, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో. పాయసంలో జీడిపప్పు పుట్టింది బ్రెజిల్‌లో. చాలా ఇళ్ళలో అరిసెలు వేగే పామాయిల్ ఇండోనేషియా, మలేషియాలది. అది దిగే రేవుల్లో మనకి దక్షిణాన ఉన్న కృష్ణపట్నం ఒకటి. ఈ తీరానికి ఇదేం కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించి, ఓడ దెబ్బతిన్నా సరుకు లాక్కోమని వర్తకులకి అభయం ఇచ్చాడు. కర్పూరానికీ, పన్నీరుకీ, మిరియాలకీ సుంకం ఎంతో అందులోనే ఉంది.

మరి ఇవన్నీ మనవి కావా? నన్నడిగితే అన్నీ మనవే. మిరపని మన రైతు పండించాడు, మన అమ్మమ్మలు ఎండబెట్టి దంచారు, ఊరమిరపకాయలు పెట్టారు. ఇంత చేసినాక పుట్టిల్లు ఎక్కడైతే ఏంది?

నా బాధ వనామీ రొయ్య గురించి. ఇదీ మెక్సికో, పెరూల పసిఫిక్ తీరానిదే. 1990లలో మన టైగర్ రొయ్యని వైట్ స్పాట్ తెగులు దెబ్బకొట్టింది. 2009లో ప్రభుత్వం వనామీకి అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మా పక్క ఏ దారిన పోయినా రొయ్యల గుంటలే. కానీ మిరపలాగా ఇది మన పళ్ళెంలోకి రాలేదు. ఎక్కువ భాగం తల తీయించుకుని, గడ్డకట్టి విదేశాలకి పోతుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ గట్టు మీద రైతు గుండె జారింది. ఇంకో పక్క గుంటల వల్ల బావులు, పొలాలు ఉప్పెక్కుతున్నాయన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. తీరం వెంబడి గుంటలు తీసేయమని కోర్టు 1996లో చెప్పింది, 2005లో కొత్త చట్టంతో మళ్ళీ దారి దొరికింది. ఉప్పు మనకి, రొయ్య వాళ్ళకి. విదేశీ తిండి మీద కోపం ఉన్నవాళ్ళు ఈ లెక్క ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

అందుకే ఈసారి మన సంక్రాంతి స్టాల్‌లో అరిసెల పక్కన వనామీ ఇగురు కూడా పెడదాం అంటున్నా. రొయ్యలు గుంట గట్టు దగ్గరే కొందాం, ధర రైతునే చెప్పమందాం.