కప్పు వయసు, ఆమె హక్కు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో పాత ఇంటికి బీమా కావాలంటే ముందు తనిఖీ జరగాలి. పైకప్పు, కరెంటు వైరింగు, నీటి గొట్టాలు, ఏసీ - ఈ నాలుగింటినీ చూసి నివేదిక రాస్తారు. 1992లో ఆండ్రూ తుపాను దెబ్బకి అక్కడ పలు బీమా కంపెనీలు మూతపడ్డాయి. ప్రైవేటు కంపెనీలు కాదన్నవారి కోసం 2002లో ఏర్పడిన సిటిజెన్స్ సంస్థ కూడా 20 ఏళ్లు దాటిన ఇళ్లకు ఈ నివేదిక అడుగుతుంది.

తనిఖీని నేను తప్పుపట్టను. కాలిపోయే వైర్లు ఎవరికీ క్షేమం కాదు. కానీ తనిఖీ ఇంటిని చూస్తుంది, ఇంట్లో మనిషిని చూడదు. పింఛను మీద బతికే ఒంటరి వృద్ధురాలు కప్పు మార్పించగలదా? బీమా లేకపోతే అప్పిచ్చిన బ్యాంకు తానే ఖరీదైన బీమా చేయించి ఆ భారం ఆమె మీదే వేస్తుంది. అది కట్టలేకపోతే ఇల్లే పోవచ్చు.

2022లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. కప్పు 15 ఏళ్లు దాటినా, మరో 5 ఏళ్లు మన్నుతుందని తనిఖీలో తేలితే, కేవలం వయసు కారణంగా బీమా నిరాకరించకూడదు. అడ్డుగోడగా ఉన్న తనిఖీ ఆమె చేతిలో సాక్ష్యమయింది. అయితే ఆ తనిఖీ ఖర్చు ఆమెదే!

ఇళ్ల పట్టాలు స్త్రీల పేర ఉండాలని మనం ఇక్కడ పోరాడాం. పట్టా దొరకడంతో ఆ పోరాటం ముగియదు. ఆ ఇంటిని నిలబెట్టుకునే ఖర్చు ఎవరు భరించాలన్నది కూడా ఆస్తి హక్కు ప్రశ్నే. తనిఖీ అడిగే వ్యవస్థను మరమ్మతుకు గడువూ, సాయమూ కూడా అడుగుదాం.