విడిచిన బట్టలు, ఎంచుకున్న బట్టలు

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఒక పాత సామాన్ల సంత ఉంది. 1873 నుండి అదే చౌరస్తాలో జరుగుతోంది. మన ఊళ్లలో లాగా వారానికొక రోజు కాదు, ఏడాది పొడవునా ప్రతిరోజూ. పొద్దున మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. కొత్త వస్తువు అక్కడ దొరకదు. ఎవరో వాడి వదిలేసినవే అమ్ముతారు. ఎక్కడో ఐరోపా సంత గురించి మన హాస్టల్ సంచికలో ఎందుకని తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడగవచ్చు. దానికీ మనకూ సంబంధం ఉంది. ముందు సంత సంగతి చెప్పి ఆ మాటకు వస్తాం.

మేము ముగ్గురం ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో పీజీ చదువుతున్నాం. అక్కడి నుండి బ్రస్సెల్స్‌కు బస్సులో రెండు గంటలు కూడా పట్టదు. చలికాలం ముంచుకొచ్చింది, కోట్లు లేవు. షాపులో కొత్త కోటు ధర చూస్తే సగం నెల గది కిరాయి గుర్తుకొచ్చింది. తోటి విద్యార్థులు ఈ సంత పేరు చెప్పారు. ఒక ఆదివారం బయలుదేరాం.

చౌరస్తా పేరు ప్లాస్ దు జు ద బాల్. అంటే బంతాట చౌరస్తా. ఒకప్పుడు అక్కడ రైలింజన్ల ఫ్యాక్టరీ ఉండేదట. అది పోయాక 1850ల్లో చౌరస్తా కట్టారు. నగరం నడిబొడ్డున వెడల్పాటి రోడ్లు వేసే రోజుల్లో పాత సామాన్ల వాళ్లను అక్కడి నుండి లేపి ఇక్కడికి తరలించారు. పేదవాళ్లను లేపి పేదవాళ్ల పేటలోనే పెట్టడం ఏ దేశంలోనైనా ఒకటే పద్ధతి. ఈ పేట పేరు మరోల్. చేతివృత్తుల వాళ్లూ, కూలీలూ, ఆ తర్వాత స్పెయిన్ నుండి, మొరాకో నుండి వలస వచ్చినవాళ్లూ బతికిన చోటు.

ఆ పేట నెత్తిమీద ఒక కొండంత న్యాయస్థానం కూర్చుని ఉంటుంది. 1866లో మొదలుపెట్టి 1883 దాకా కట్టారు. దానికోసం కింది ఇళ్లు కూల్చేశారు. కట్టించిన ఆర్కిటెక్టు పోలార్ట్ మీద జనానికి ఎంత మంట పుట్టిందంటే, వాళ్ల యాసలో 'వంకర ఆర్కిటెక్టు' అన్నది తిట్టుమాట అయిపోయింది. 1969లో అదే న్యాయస్థానాన్ని ఇంకా విస్తరించాలని మళ్లీ ఇళ్ల మీద పడ్డారు. ఈసారి మరోల్ జనం లేవలేదు, ఎదురు తిరిగారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. గెలిచినవాళ్లు ఏం చేశారో తెలుసా? బిల్డరుకూ, అతని భార్య 'బ్యూరోక్రసీ'కీ ఉత్తుత్తి శవయాత్ర తీశారు. దాని గుర్తుగా ఆ వీధుల్లో ఒక ఫలకం ఉంది. 2014లో ఈ సంత కిందనే కార్ల పార్కింగ్ తవ్వాలని నగరపాలకులు ప్రకటించారు. తవ్వకాలు సాగే ఏళ్లలో సంత చచ్చిపోతుందని పేటవాళ్లు, వ్యాపారులు కలిసి పోరాడారు. 2015లో ఆ పథకమూ పోయింది. కాబట్టి ఆ సంత ఎవరి దయ వల్లా నిలబడలేదు.

ఇక సామాన్లు. రాళ్లు పరిచిన నేలమీద దుప్పట్లు, అట్టపెట్టెలు పరిచి కుప్పలు పోస్తారు. పింగాణీ ప్లేట్లు, చెంచాలు, తాళంచెవులు, రేడియోలు, బూట్లు, శిలువలు, ఆఫ్రికా బొమ్మలు. ఆ బొమ్మల్లో కొన్నింటిని చూస్తే కాంగోను బెల్జియం ఏలిన రోజులు గుర్తుకు రాక మానవు. టిన్‌టిన్ బొమ్మల కథల్లో ఆ కుర్రాడు పాత ఓడ బొమ్మను కొనేది ఈ సంతలోనే. 2011లో వచ్చిన సినిమా మనలో కొందరు టీవీలో చూసే ఉంటారు.

ఈ సరుకులో చాలా భాగం చనిపోయినవాళ్ల ఇళ్లలోది. ముసలివాళ్లు పోతే వారసులు ఇల్లు ఖాళీ చేయించే పని ఈ వ్యాపారులకు ఇస్తారు. బీరువా బీరువా అలాగే సంతకు వచ్చేస్తుంది. ఒక పెట్టెలో కుటుంబ ఫొటోలు చూశాం. పెళ్లివి, బాప్టిజానివి, సముద్రం ఒడ్డున పిల్లలవి. ఏది తీసుకున్నా ఒక యూరో. మాలో ఒకడి ఇంట్లో తాత ఫొటో ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా రేషన్ కార్డు మీది చిన్న ముఖమే. వాడు ఆ పెట్టె దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ కొనలేదు.

కోట్ల కుప్ప దగ్గర మమ్మల్ని ఆపింది కోట్లు కాదు, అక్కడ వంగిన మనుషులు. ఖరీదైన కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ, బురఖాలో ఉన్న తల్లి, మాలాంటి విద్యార్థులు, ఒక ముసలాయన, అందరూ ఒకే కుప్ప మీద వంగి వెతుకుతున్నారు. ఒకరి చెయ్యి ఇంకొకరికి తగులుతోంది. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. అమ్మేవాడు 15 యూరోలన్నాడు, మేము 7 అన్నాం, 9కి తెగింది. మన లెక్కలో సుమారు తొమ్మిది వందలు. బేరం కుదిరాక అతను మా చేయి పట్టుకుని ఊపాడు.

రాత్రి ఫోన్లో ఇంటికి చెబితే మాలో ఒకరి అమ్మ ఒక్కటే మాట అంది: "విడిచిన బట్టలు తొడుక్కోవడానికేనా బిడ్డా అంత దూరం పోయింది?"

ఆ మాటను చాదస్తమని కొట్టేయలేం. ఆమె దొర ఇంట్లో పని చేసింది. పండుగ తెల్లవారి పెరటి గుమ్మం దగ్గర నిలబడితే పాత చీర పైనుండి పడేది. రంగు అడిగే హక్కు లేదు, వద్దనే హక్కు అసలే లేదు. ఇది ఒక ఇంటి అలవాటు కాదు. చండాలురు చచ్చినవాళ్ల బట్టలే కట్టాలని, పగిలిన కుండల్లోనే తినాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆధ్వర్యంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టింది ఊరికే కాదు. పాతబట్ట అంటే మన అమ్మలకు బట్ట కాదు, ఒక ఆజ్ఞ.

మరి బ్రస్సెల్స్‌లో మేము తొడుక్కున్నది ఏమిటి? అదీ బహుశా చనిపోయినవాడి కోటే. తేడా బట్టలో లేదు. అక్కడ మేము ఎంచుకున్నాం, వద్దన్నాం, బేరమాడాం, డబ్బిచ్చాం. బాబాసాహెబ్ కూడా న్యూయార్క్‌లో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగి పుస్తకాలు పోగుచేశారు. 1917లో ఆయన సామాను వేసిన ఓడ మునిగి ఆయన పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఆయనకు పాత పుస్తకం కొనడం నామోషీ కాలేదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత గైడ్లు కొని పరీక్షలు గట్టెక్కిన మనకూ కాలేదు. ఎవరూ వాటిని మన మీదికి విసిరేయలేదు కాబట్టి.

ఆ సంత స్వర్గమని చెప్పడం లేదు. తెల్లవారుజామునే పురాతన వస్తువుల వ్యాపారులు వచ్చి మంచివన్నీ ఏరుకుపోతారు. అవే పక్క వీధి షాపు అద్దాల వెనుక పదింతల ధరకు కనిపిస్తాయి. పాతచొక్కాకు 'వింటేజ్' అని పేరు పెడితే డబ్బున్నవాడికి అది ఫ్యాషన్. సంత ముగిశాక వదిలేసిన వాటిలో ఏరుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర మాత్రం 9 యూరోలు లేవు. అయినా వాళ్లను వరుసలో నిలబెట్టి ఫొటో తీసేవాడు మాకు కనిపించలేదు.

ఇప్పుడు మన సంగతి. వార్షికోత్సవం రోజు పూర్వ విద్యార్థులు, దాతలు బట్టలు, పుస్తకాలు, బ్యాగులు తెస్తారు. మంచి మనసుతోనే తెస్తారు, కాదనం. కానీ పిల్లవాణ్ణి పేరు పెట్టి వేదిక మీదికి పిలిచి, పాత ప్యాంటు చేతిలో పెట్టి, ఫొటో అయ్యేదాకా నిలబెడతారు. ఆ ప్యాంటు వాడికి సరిపోతుందా అని ఎవరూ అడగరు. పేరు మారింది, పెరటి గుమ్మం మారలేదు. ఈ పద్ధతి ఆపాలన్నది మా ముగ్గురి అభిప్రాయం. ఇవ్వడం ఆపమనడం లేదు. తెచ్చినవన్నీ మెస్ హాల్లో బల్లల మీద పరచండి. పుస్తకానికి రూపాయి, చొక్కాకు రెండు రూపాయలు ధర పెట్టండి. అమ్మే బాధ్యత పదో తరగతి పిల్లలకే ఇవ్వండి. పిల్లలు తొడుక్కుని చూసుకుంటారు, నచ్చకపోతే వదిలేస్తారు.

పేద పిల్లల దగ్గర డబ్బు తీసుకుంటారా అని అన్నలు కొందరు కోప్పడతారని తెలుసు. రూపాయి కూడా లేనివాడు ఉంటాడు, నిజమే. వాడి దగ్గర ఇంకో పాత పుస్తకం ఉంటుంది, మార్చుకోనివ్వండి. అదీ లేకపోతే బల్ల సర్దే పనికి ఒక చొక్కా కూలి కట్టివ్వండి. రూపాయి తీసుకునేది వాడి జేబు కోసం కాదు, "ఇది నాకొద్దు" అనే నోరు వాడికి ఉండాలని. వచ్చిన చిల్లరతో క్యారమ్ కాయిన్స్ కొంటారో, లైబ్రరీకి పేపరు వేయించుకుంటారో వాళ్లే తేల్చుకుంటారు.

చదువు అయిపోగానే మేమూ రెండు పెట్టెలు పంపుతాం. పుస్తకాలు ఎక్కువ, బట్టలు తక్కువ. ఆ 9 యూరోల కోటు కూడా అందులో ఉంటుంది. మన ఎండలకు అది ఎవరికీ అక్కరకు రాదు కానీ, ఎవరైనా బేరమాడతారేమో చూడండి. రూపాయికి తక్కువైతే ఇవ్వొద్దు.