అప్పు ఆమె పేర, వైద్యం ఎవరి దయ?

తరిగొప్పుల వంటి మెట్ట ప్రాంతంలో వాన మొహం చాటేసిన ఏడు ఇంటిని నిలబెట్టేది పాడి బర్రె, నాలుగు గొర్రెలు. గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పేడ ఎత్తేది ఎక్కువగా స్త్రీలే. బర్రె కోసం పొదుపు సంఘం ద్వారా తెచ్చిన అప్పు కూడా ఆమె పేరు మీదే ఉంటుంది.

ఆ బర్రె మేత ముట్టకుండా పడిపోతే? ప్రభుత్వ పశువైద్యశాలలో మందు లేనప్పుడు చీటీ చేతికొస్తుంది. రాత్రివేళయితే దొరికినవారిని పిలవడమే. సూదికెంత, సెలైన్‌కెంత, బండి ఖర్చెంత అన్నది ముందుగా చెప్పరు. రశీదు ఇవ్వరు. పశువు చనిపోయినా అప్పు వాయిదా మాత్రం ఆగదు.

చట్టం లేక కాదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన పశువైద్యులే వైద్యం చేయాలి. వారి పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయడానికి డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవారిని రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. ఎవరు వైద్యం చేయాలో చెప్పిన ఈ చట్టం, ఎంత తీసుకోవాలో చెప్పలేదు. మనుషుల వైద్యశాలలు ధరలు కనబడేలా పెట్టాలని 2012 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. పశువైద్యంలోనూ ధరల పట్టిక తప్పనిసరి చేయాలని బ్రిటన్‌లో పోటీ నియంత్రణ సంస్థ 2025 అక్టోబరులో ప్రతిపాదించింది. కుక్కలు, పిల్లులు పెంచుకునేవారికి అక్కడ అవసరమైన రక్షణ, బర్రె మీదే బతికే మన స్త్రీలకు అక్కరలేదా?

అర్హత లేనివారిని తరిమేస్తే సరిపోతుందనడం సులభం. వారి స్థానంలో ఎవరొస్తారు? 1962కు ఫోను చేస్తే వాకిట్లోకి వచ్చే సంచార వైద్యాన్ని 2017లో నియోజకవర్గానికొక బండి చొప్పున ప్రారంభించారు. జనగామ నియోజకవర్గంలో తరిగొప్పులతో పాటు నర్మెట్ట, బచ్చన్నపేట, చేర్యాల, మద్దూరు వంటి మండలాలున్నాయి. ఒక్క బండి ఎన్ని వాకిళ్లు తొక్కగలదు? సేవ అందించకుండా పెట్టే నిషేధం పేద స్త్రీకి మరో శిక్షే అవుతుంది.

తక్కువ ధరకు పశువుల మందులు అందించే పశు ఔషధి పథకాన్ని కేంద్రం 2025 మార్చిలో ఆమోదించింది. ఆ దుకాణాల నిర్వహణ మహిళా మండల సమాఖ్యలకు అప్పగించాలి. ప్రతి పశువైద్యశాలలో, మందుల దుకాణంలో ధరల పట్టిక తెలుగులో ఉండాలి. అడగకుండానే రశీదు ఇవ్వాలి. చిన్నపాటి సేవల్లో గ్రామ స్త్రీలకు శిక్షణనిచ్చి, చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వాలి.

పశువైద్యం స్త్రీల హక్కుల సమస్య ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. అప్పు కాగితం మీద ఎవరి సంతకం ఉందో చూడమని వారికి చెబుదాం. వచ్చే సంఘ సమావేశంలో అప్పుల లెక్కతో పాటు పశువైద్యానికి పెట్టిన ఖర్చు కూడా రాయిద్దాం. ఆ లెక్కే రేపు మన అర్జీకి ఆధారమవుతుంది.