బాక్స్ మీద 192 ఉంటే సరిపోదు బాస్!

మా చెల్లి వీణ రికార్డ్ చేద్దామని ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నా. బాక్స్ మీద పెద్దక్షరాలతో 192 కిలోహెర్ట్జ్ అని ఉంది. ఇంకేముంది, నేరుగా అదే సెట్ చేశా. ప్లే చేసి వింటే వీణ కన్నా చిటపటలే ఎక్కువ! 'ఏడీసీ పోయింది' అని ఫిక్సయిపోయి రిటర్న్ పెట్టబోయా.

అంతలో ఒక డౌట్ వచ్చింది. గెయిన్ ఎక్కువై సౌండ్ పగిలితే ఏ శాంపుల్ రేట్‌లో అయినా పగలాలి కదా? 48కి మారిస్తే క్లీన్‌గా ఉంది. 96లో అప్పుడప్పుడు చిటపట. 192లో మాత్రం గోల. అంటే తప్పు మైక్‌దీ కాదు, గెయిన్‌దీ కాదు.

దొంగ బఫర్‌లో దొరికాడు. 128 శాంపుల్స్ బఫర్ నిండటానికి 48 కిలోహెర్ట్జ్‌లో సుమారు 2.67 మిల్లీసెకన్లు పడుతుంది. 192లో అదే బఫర్ 0.67 మిల్లీసెకన్లకే నిండిపోతుంది. నా పాత ల్యాప్‌టాప్ ఆ స్పీడ్ అందుకోలేక మధ్యలో శాంపుల్స్ వదిలేస్తోంది. బఫర్ 512 చేయగానే చిటపటలు మాయం!

నేను చెప్పేది ఒక్కటే. మన చెవికి వినిపించేది సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే. 48లో దాదాపు 24 వరకు రికార్డ్ అవుతుంది. ఇంట్లో పాటలకీ, పాడ్‌కాస్ట్‌లకీ అది చాలు. 192 పెడితే ఫైల్ సైజు నాలుగింతలు అవడం తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు. కాబట్టి నంబర్ చూసి కొనకండి. అలాగే, రేట్ మార్చి చూడకుండా వన్ స్టార్ రివ్యూ కొట్టేయకండి.

చెల్లి వీణ చివరికి 48లోనే రికార్డ్ చేశా. సూపర్‌గా వచ్చింది.